చేతిలో ఫోను – చేజారే మాట

సెల్‌ఫోనులో మాట్లాడుతూ ఉండగా అవతలి కంఠం తునాతునకలై, చివరకు మౌనంలో కలిసిపోయినప్పుడు తెలుగునాట సర్వసాధారణంగా వినిపించే మాట ఒకటే: “టవరు లేదు.” ఆ తరువాత నింద వాన మీదికో, గోడల మీదికో, ఫోను సంస్థ మీదికో మళ్ళుతుంది. ఫోనును పట్టుకొన్న తన చేయి కూడా ఈ నేరంలో భాగస్వామి కావచ్చునని ఎవరికీ తోచదు. అరచేతిలోని ఉసిరికాయ వలె సుస్పష్టమైన విషయాన్ని మన పూర్వులు ‘కరతలామలకం’ అన్నారు. అరచేతిలోని వస్తువుకు ఆ అరచేయే అడ్డంకి అయ్యే సందర్భం ఒకటి వస్తుందని వారు ఊహించి ఉండరు. 2010లో అటువంటి సందర్భమే ప్రపంచవ్యాప్త వివాదంగా పరిణమించింది. ఫోను పట్టుకొనే తీరుకూ, వినిపించే మాటకూ ఉన్న సంబంధాన్ని కొలిచి తేల్చవలసిన అవసరం అప్పుడు సామాన్యులకు కూడా కలిగింది.

1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ నగర వీధిలో నిలబడి మార్టిన్ కూపర్ చేతిఫోనులో తొలిసారిగా మాట్లాడినప్పుడు ఈ సమస్య లేదు. ఆ ఫోను ఇటుక వలె ఉండేది. బరువు కిలోగ్రాముకు పైమాటే. కాని దాని యాంటెన్నా చేతికీ చెవికీ అందకుండా పైకి నిక్కి ఉండేది. మన దేశంలో 1995లో సెల్‌ఫోను సేవలు ప్రారంభమైన నాటి ఫోనులకు కూడా నెత్తిన చిన్న పిలక వంటి యాంటెన్నా కనిపించేది. 1999లో వచ్చిన నోకియా 3210 వంటి ఫోనులతో ఆ పిలక అదృశ్యమై యాంటెన్నా లోపలికి చేరింది. చూపులకు ఫోను అందంగా తయారయింది, జేబులో ఒదిగింది. అయితే అంతవరకు చేతికి దూరంగా ఉన్న అవయవం చేతి నీడలోకి వచ్చి చేరింది.

దీనికి మరొక కారణం కూడా తోడయింది. ఫోను వెలువరించే తరంగశక్తిలో కొంత తలలోనికి ఇంకుతుంది. దానికి ప్రభుత్వాలు పరిమితి విధించాయి. అమెరికాలో కిలోగ్రాము కణజాలానికి 1.6 వాట్లకు మించరాదని నియమం. భారతదేశం కూడా 2012 సెప్టెంబరు నుండి ఇదే పరిమితిని పాటిస్తున్నది. తలకు దూరంగా ఉంచాలంటే యాంటెన్నాను ఫోను అడుగుభాగానికి దించడం సులభమైన ఉపాయం. అలా తలను తప్పించుకొన్న యాంటెన్నా నేరుగా అరచేతిలో పడింది!

చేయి తరంగాలను ఎలా అడ్డుకొంటుంది? మన దేహంలో అధికభాగం నీరు, అందులో లవణాలు. ఈ ఉప్పునీటి ముద్ద రేడియో తరంగశక్తిని పీల్చుకొని స్వల్పమైన వేడిగా మారుస్తుంది. ఇది మొదటి నష్టం. రెండవది ఇంతకన్న సూక్ష్మమైనది. ప్రతి యాంటెన్నాకూ ఒక శ్రుతి ఉంటుంది. 900 మెగాహెర్ట్జుల తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. దానిలో నాలుగోవంతు, అంటే ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు లోహపు తీగ ఆ తరంగానికి చక్కగా స్పందిస్తుంది. మృదంగం ఎడమ మూతకు తడిపిన రవ్వముద్ద అంటిస్తే నాదం కిందికి దిగుతుందన్నది కచేరీలు చూసినవారికి తెలిసిన విషయమే. యాంటెన్నా పక్కకు చేయి వచ్చినప్పుడు జరిగేది కూడా సరిగ్గా అదే. దాని శ్రుతి కిందికి జారిపోతుంది. టవరు పాడే స్వరం ఒకటి, ఫోను వినగల స్వరం మరొకటి అవుతుంది. అందువల్లనే చేతిని ఒక అంగుళం జరిపితే కొన్నిసార్లు ఏ మార్పూ ఉండదు, కొన్నిసార్లు మాటే పోతుంది.

ఇక ఐఫోన్ 4 కథ. ఆపిల్ సంస్థ 2010 జూన్ 24న ఈ ఫోనును అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, జపాన్ దేశాలలో విడుదల చేసింది. ఫోను చుట్టూ ఒడ్డాణం వలె అమరిన ఉక్కుపట్టీ దాని ప్రత్యేకత. ఆ పట్టీ అలంకారం మాత్రమే కాదు, అదే యాంటెన్నా. సన్నని నల్లని చీలికలు దానిని భాగాలుగా విడదీసేవి. ఒక భాగం సెల్‌ఫోను తరంగాలకు, మరొకటి వైఫై, బ్లూటూత్, జీపీఎస్‌లకు. ఈ చీలికలలో ఒకటి ఎడమవైపు అడుగున ఉంది. ఫోనును ఎడమచేత పట్టుకొన్నప్పుడు అరచేతి మెత్తని భాగం సరిగ్గా ఆ చోటికే వచ్చి ఆనుతుంది. వేరువేరుగా ఉండవలసిన రెండు లోహభాగాల నడుమ చెమ్మగిల్లిన చర్మం వంతెన వేసినట్లయింది. లోపల దాగిన యాంటెన్నాలకు చేయి దగ్గరకు మాత్రమే రాగలదు. ఇక్కడ నేరుగా తాకుతున్నది.

కొన్న మొదటి రోజునుండే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఒక వినియోగదారు పంపిన లేఖకు ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఇచ్చిన సమాధానం పత్రికలకెక్కింది. ఆ విధంగా పట్టుకోవడం మానుకోమన్నది దాని సారాంశం. చెప్పు కరిస్తే కాలు మార్చుకోమన్నట్లున్న ఈ సలహా చాలామందికి నచ్చలేదు. అయితే నచ్చకపోవడం వేరు, ఆ సలహా వెనుక ఉన్న వాదం తప్పని నిరూపించడం వేరు. అన్ని ఫోనులకూ ఇది ఉన్నదేనని సంస్థ అన్నది. ఉన్నదా? ఉంటే అంతా ఒకే మోతాదులో ఉన్నదా? ఈ ప్రశ్నలకు కోపం సమాధానం చెప్పలేదు. కొలత చెప్పగలదు.

కొలతను అర్థం చేసుకోవడానికి డెసిబెల్ అనే మానంతో కొంత పరిచయం అవసరం. 3 డెసిబెల్‌లు తగ్గితే శక్తి సగమైనట్లు. 10 తగ్గితే పదోవంతు, 20 తగ్గితే నూరోవంతు మిగిలినట్లు. ఫోను అందుకొనే శక్తిని డీబీఎంలలో చెబుతారు. అది ఎంత అల్పమైనదంటే ఆ సంఖ్య ఎప్పుడూ రుణసంఖ్యగానే ఉంటుంది. టవరుకు దగ్గరలో మైనస్ 60 కనిపించిందనుకొంటే, ఫోనుకు అందినది ఒక వాటులో వందకోట్లవ వంతు. మైనస్ 90 అయితే లక్షకోట్లవ వంతు. ఇంతటి పిసరంత శక్తిలోంచి ఫోను మనిషి మాటను పోల్చుకొని వినిపిస్తున్నదంటే, అది తెగిపోవడం కన్న తెగకుండా ఉండడమే ఎక్కువ ఆశ్చర్యకరం.

ఆనంద్‌టెక్ అనే సాంకేతిక పత్రిక 2010 జూన్ నెలాఖరున ఈ డెసిబెల్‌లను కొలిచి ప్రకటించింది. ఐఫోన్ 4ను సహజంగా చేత పట్టుకొన్నప్పుడు 19.8 డెసిబెల్‌లు, గట్టిగా పిడికిట బిగించినప్పుడు 24.6 డెసిబెల్‌లు నష్టమైనట్లు తేలింది. అంతకు ముందు వచ్చిన ఐఫోన్ 3జీఎస్‌లో ఈ నష్టాలు వరుసగా 1.9, 14.3. హెచ్‌టీసీ సంస్థ తయారుచేసిన నెక్సస్ వన్‌లో 10.7, 17.7. ఈ అంకెలను జాగ్రత్తగా చదివితే ఇరుపక్షాల వాదనలలోనూ సగం సగం సత్యం కనిపిస్తుంది. ఏ ఫోనునైనా గట్టిగా బిగించి పట్టుకొంటే శక్తి తగ్గుతున్నది. ఆపిల్ మాట అంతవరకు నిజం. కాని మామూలుగా పట్టుకొన్నప్పుడే శక్తి నూరోవంతుకు పడిపోవడం ఈ ఒక్క ఫోనుకే చెల్లింది. అదే ఫోనుకు తొడుగు వేసి పట్టుకొంటే నష్టం 7.2 డెసిబెల్‌లకు దిగింది. చర్మానికీ లోహానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం కల్పిస్తే ఎంత తేడా వచ్చిందో ఈ ఒక్క అంకె చెబుతుంది. మరొక విశేషాన్ని కూడా ఆ పత్రిక దాచలేదు. సిగ్నల్ అత్యంత బలహీనంగా ఉన్నచోట పాత ఫోను చేతులెత్తేయగా, ఈ కొత్త ఫోను కాల్‌ను నిలబెట్టగలిగిందట. ఒకే వస్తువులో గుణమూ దోషమూ ఒకే మూలం నుండి పుట్టడానికి ఇదొక ఉదాహరణ. యాంటెన్నా బయట ఉండడమే దాని బలం, అదే దాని బలహీనత.

అయితే కొందరి చేతిలో ఐదు గీతలు చూస్తూండగానే మాయమైపోగా, మరికొందరి చేతిలో ఒక్క గీత కూడా ఎందుకు తగ్గలేదు? ఇక్కడే అసలు చిక్కు ఉంది. తెరమీద కనిపించే సిగ్నల్ గీతలను సమానమైన మెట్లని మనం భావిస్తాము. అవి సమానం కావు. ఆ ఫోనులో మైనస్ 51 నుండి మైనస్ 91 వరకు, అంటే పదివేల రెట్ల వ్యత్యాసమంతటికీ, ఐదు గీతలే కనిపించేవి. తక్కిన నాలుగు గీతలూ మైనస్ 91 నుండి మైనస్ 113 వరకు గల ఇరుకు సందులో కుక్కి ఉండేవి. మైనస్ 60 ఉన్నచోట 24 డెసిబెల్‌లు పోయినా మిగిలేది మైనస్ 84. గీతలు ఐదుకు ఐదూ నిలుస్తాయి, చేతి దోషం బయటపడదు. మైనస్ 90 ఉన్నచోట కూడా కనిపించేవి ఐదు గీతలే. కాని అక్కడ అంతే నష్టం జరిగితే మిగిలేది మైనస్ 114, అంటే శూన్యం. నిండుకుండ అనుకొన్నది నిజానికి అడుగంటిన కుండ అన్నమాట.

జూలై 2న ఆపిల్ ఒక బహిరంగ లేఖ విడుదల చేసింది. గీతలను లెక్కించే సూత్రమే పూర్తిగా తప్పనీ, చాలా సందర్భాలలో ఉండవలసిన వాటికన్న రెండు గీతలు ఎక్కువ చూపుతున్నదనీ అంగీకరించింది. సరిదిద్దిన సాఫ్ట్‌వేరు జూలై 15న వచ్చింది. మొదటి మూడు గీతలు సులభంగా కనిపించడానికి వాటి ఎత్తు కొద్దిగా పెంచుతామని కూడా ఆ లేఖలో ఉంది. జ్వరం ఉన్నదని తేలినప్పుడు థర్మామీటరులో అంకెలు పెద్దవి చేయించినట్లున్నదీ ఏర్పాటు. లెక్క సరిదిద్దడం న్యాయమే, అభినందనీయమే. కాని లెక్క సరిచేసినంత మాత్రాన చేతివల్ల పోయిన డెసిబెల్‌లు తిరిగి రావు.

ఈ సందిగ్ధాన్ని తొలగించినది అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక. 1936 నుండి ప్రచురితమవుతున్న ఈ పత్రిక వాణిజ్య ప్రకటనలు స్వీకరించదు. పరీక్షించే వస్తువులను అంగడిలో తన సొమ్ముతోనే కొంటుంది. ఆ పద్ధతిలోనే మూడు ఐఫోన్ 4లను కొని, బయటి తరంగాలు చొరబడని గదిలో ఉంచి, కృత్రిమ టవరుగా పనిచేసే యంత్రంతో అనుసంధానించి పరీక్షించింది. ఈ గది ప్రయోజనం గ్రహించదగినది. బయట వీధిలో సిగ్నల్ తగ్గితే అది చేతివల్లనా, అప్పుడే దాటిన లారీవల్లనా, టవరుమీద పెరిగిన రద్దీవల్లనా అని చెప్పలేము. గదిలో మారేది ఒక్కటే, చేయి. ఎడమవైపు అడుగున ఉన్న చీలికను వేలితోగాని చేతితోగాని తాకితే సిగ్నల్ గణనీయంగా పడిపోతున్నదని తేలింది. ఐఫోన్ 3జీఎస్‌నూ, పామ్ ప్రీ తదితర ఫోనులనూ అదే విధంగా పరీక్షించగా వాటిలో ఈ లోపం కనిపించలేదు. 2010 జూలై 12న ఫలితాలు ప్రకటిస్తూ, ఈ ఫోనును తాము సిఫారసు చేయలేమని పత్రిక తేల్చి చెప్పింది. చీలికపై ఒక మందపాటి టేపుముక్క అతికిస్తే లోపం తీరుతుందని కూడా సూచించింది. ఎంతో ఖరీదైన యంత్రానికి చిల్లరకొట్టు వైద్యం!

నాలుగు రోజుల తరువాత, జూలై 16న, జాబ్స్ విలేఖరుల సమావేశం ఏర్పాటుచేశాడు. బ్లాక్‌బెర్రీ, హెచ్‌టీసీ, శాంసంగ్ ఫోనులను చేత బిగించినప్పుడు వాటి గీతలు తగ్గడాన్ని దృశ్యాలతో ప్రదర్శించాడు. కొన్నవారిలో 0.55 శాతం మంది మాత్రమే యాంటెన్నా గురించి ఫిర్యాదు చేశారని, పాత ఫోనుతో పోలిస్తే నూరు కాల్స్‌కు అదనంగా తెగుతున్నవి ఒకటికన్న తక్కువేనని లెక్కలు చెప్పాడు. అయినప్పటికీ కొన్న ప్రతివారికీ తొడుగు ఉచితంగా ఇస్తామని ప్రకటించాడు. ఆ లెక్కలు అసత్యమని అనడానికి ఆధారం లేదు. కాని మాట తెగిన ప్రతివాడూ సంస్థకు ఫోను చేసి ఫిర్యాదు చేయడు. సర్దుకొని, చేయి మార్చుకొని, మళ్ళీ డయల్ చేస్తాడు. ఇక పోటీదారుల ఫోనులను పిడికిట బిగించి చూపడం, వేలికొసతో ఒక్కచోట తాకినందుకే జరిగే నష్టానికి జవాబు కానేరదు. 2011 అక్టోబరులో వచ్చిన ఐఫోన్ 4ఎస్‌లో రెండు యాంటెన్నాలలో ఏది మెరుగ్గా పనిచేస్తుంటే దానికి ఫోను తనంతట తానే మారే ఏర్పాటు చేశారు. అమెరికాలో కొనుగోలుదారులు వేసిన వ్యాజ్యం 2012 ఫిబ్రవరిలో రాజీకి వచ్చి, అర్హులకు 15 డాలర్లుగాని, ఒక తొడుగుగాని దక్కింది.

పరిశోధనశాలలలో ఈ పరీక్ష మరింత కట్టుదిట్టంగా జరుగుతుంది. గోడలనిండా కోసుగా తీర్చిన నురగదిమ్మెలు పరచిన నిశ్శబ్దమందిరంలో ఫోనును అన్ని దిక్కులకూ తిప్పుతూ, అది వెలువరించే శక్తినీ, వినగలిగే కనిష్ఠ సంకేతాన్నీ నమోదు చేస్తారు. మనుష్యుల చేతులు ఒకదానితో ఒకటి పోలవు. ఒకరిది పొడి చేయి, మరొకరిది చెమర్చిన చేయి. అందుచేత తరంగాలపట్ల మానవ కణజాలం వలె ప్రవర్తించే కృత్రిమ హస్తాలను సిద్ధం చేశారు. మామూలు ఫోనుకు ఒక పట్టు, మడిచే ఫోనుకు మరొక పట్టు, వెడల్పాటి ఫోనుకు వేరొక పట్టు. తలకు కూడా ఒక ప్రామాణిక నమూనా ఉంది. అమెరికా సైనికుల తలల కొలతల ఆధారంగా దానిని రూపొందించారు. ఎనిమిదో తరగతి బాలిక చేతిలోనూ, సైనికుడి చేతిలోనూ ఫోను ఒకే రీతిగా ఇమడదన్నది ఈ ప్రమాణాలు పూర్తిగా తీర్చలేని కొరత. డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం ఫోనులను ఎడమచేతిలోనూ కుడిచేతిలోనూ వేరువేరుగా కొలిచి 2016లో నివేదిక వెలువరించింది. ఒకే ఫోను ఒక చేతిలో మెరుగుగాను, మరొక చేతిలో బలహీనంగాను పనిచేయడం అందులో కనిపిస్తుంది.

సంకేతబలం తగ్గినంతమాత్రాన మాట నాణ్యత కూడా అదే వేగంతో తగ్గుతుందని అనుకోరాదు. చేయి కొంత శక్తిని మింగినప్పుడు టవరు ఫోనుకు గొంతు పెంచమని ఆజ్ఞాపిస్తుంది. ఫోను తన శక్తిని పెంచుతుంది. 900 మెగాహెర్ట్జుల జీఎస్‌ఎం ఫోనుకు ఇందులో పరిమితి 2 వాట్లు. అంతవరకు వినేవారికి తేడా తెలియదు, బ్యాటరీకి మాత్రం తెలుస్తుంది. పరిమితి దాటాక పతనం ఆకస్మికం. జీఎస్‌ఎం పద్ధతిలో మాట సెకనుకు 50 ముక్కలుగా, ఒక్కొక్కటి 20 మిల్లీసెకన్ల చొప్పున ప్రయాణిస్తుంది. ఒక ముక్క దారిలో పాడైతే ఫోను దాని ముందు ముక్కనే మళ్ళీ వినిపించి అతుకు వేస్తుంది. వరుసగా పాడవుతూ పోతే శబ్దాన్ని క్రమంగా తగ్గించి, 320 మిల్లీసెకన్ల పాటు ఏదీ అందకపోతే పూర్తిగా మౌనం వహిస్తుంది. సెకనులో మూడోవంతు కూడా కాని ఈ కాలంలో రెండక్షరాలు హరించుకుపోవచ్చు. రోడ్డు ప్రమాదం చూసి 108కు ఫోను చేసిన మనిషి ‘కొత్త’ అన్న తరువాత అక్షరాలు పోతే, అంబులెన్సు వెళ్ళవలసినది కొత్తపల్లికా, కొత్తపేటకా? మాట నాణ్యతను ఒకటి నుండి ఐదు వరకు మార్కులతో శ్రోతలచేత వేయించే పద్ధతి అంతర్జాతీయంగా ఉంది. అటువంటి వేళ ఆ మార్కుల సగటు ఎంత ఎక్కువగా ఉన్నా ప్రయోజనం ఉండదు.

ఈ పరీక్షను స్థూలంగా ఇంటివద్ద కూడా చేయవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోనుల సెట్టింగులలో ‘ఫోను గురించి’ అన్న విభాగంలో సిమ్ స్థితిని తెరిస్తే సంకేతబలం డీబీఎంలలో కనిపిస్తుంది. గీతలను విడిచి ఈ అంకెనే నమ్మాలి. ఫోనును చెక్క బల్లమీద ఉంచి, ఒక అడుగు దూరం జరిగి, అంకె కుదుటపడిన తరువాత రాసుకోవాలి. ఇనుపబల్ల పనికిరాదు. తరువాత అదేచోట, అదే ఎత్తులో చేత పట్టుకొని, అర నిమిషం ఆగి మళ్ళీ రాసుకోవాలి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పరాదు. ఎవరూ కదలకపోయినా ఆ అంకె నాలుగైదు డెసిబెల్‌లు అటూ ఇటూ ఊగుతుంది. బల్ల, చేయి, బల్ల, చేయి అన్న క్రమంలో పదేసి పర్యాయాలు చూసి, మధ్యస్థంగా నిలిచిన అంకెలను పోల్చాలి. ఎడమచేతికి, కుడిచేతికి, తొడుగుతో, తొడుగు లేకుండా వేర్వేరు పట్టికలు ఉండాలి. మధ్యలో ఫోను 4జీ నుండి 2జీకి మారితే అప్పటివరకు రాసిన పట్టికను పక్కన పెట్టి తిరిగి మొదలుపెట్టవలసిందే. ఆ రెండింటిలో అంకెల కొలత పద్ధతి ఒకటి కాదు. వేరొక టవరుకు మారినా అంతే. స్నేహితుడు ఉత్సాహంతో తెరమీదికి వంగి చూస్తే అతని తల కూడా పరీక్షలో పాల్గొన్నట్లే లెక్క.

ప్రశ్నలు

1. యాంటెన్నా ఫోను పైభాగం నుండి అడుగుభాగానికి చేరడానికి గల కారణాలను వివరించండి.
2. సిగ్నల్ గీతలు వాస్తవాన్ని ఏ విధంగా మరుగుపరచాయో పాఠంలోని అంకెల ఆధారంగా తెలపండి.
3. “అన్ని ఫోనులకూ ఇది ఉన్నదే” అన్న వాదంలోని సత్యాసత్యాలను చర్చించండి.